అందరికీ ఒకే కారు

చెన్నపట్నం అనగానే బయట ఊళ్ళ తెలుగువారికి గుర్తుకొచ్చేవి కొన్ని ఉన్నాయి. పానగల్ పార్కు దగ్గర పట్టుచీరల కొట్లు, కోడంబాక్కం స్టూడియోలు, డిసెంబరులో సంగీత సభలు, మెరీనా ఒడ్డున వేడివేడి సుండల్. ఇక్కడే పుట్టి పెరిగిన మనబోటివాళ్ళని అడిగినా ఇంచుమించు ఇదే పట్టీ చదువుతాం. అందులో కారు పందాలు ఉండవు.

కానీ మన దేశంలో కారు పందాలకి పేరుపడ్డ ఊళ్ళలో చెన్నై ముందు వరసలో ఉంటుంది. పైగా పలు దేశాల డ్రైవర్లు పాల్గొన్న ఒక అంతర్జాతీయ ఛాంపియన్‌షిప్ ఎవరిదో ఒకటికి నాలుగుసార్లు మన ఊరి పొలిమేరలోనే తేలింది. అలా తేలిన ఒక వారాంతం గురించి, అది మా ఇంట్లో రేపిన చర్చ గురించి మన పత్రిక పాఠకులతో పంచుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. కార్ల గురించి తెలియనివాళ్ళు భయపడి పేజీ తిప్పేయనక్కరలేదు. తెలిసినవాళ్ళకంటే వాళ్ళకోసమే ఇది రాస్తున్నాను.

నెల్లూరు రోడ్డు మీద షోలవరం

నెల్లూరు బస్సెక్కి రెడ్‌హిల్స్ దాటితే షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాలు దిగడానికి అక్కడ ఒక రన్‌వే వేశారు. యుద్ధం ముగిసింది, విమానాలు వెళ్ళిపోయాయి, దారి మిగిలింది. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఆ దారినే పందెపు బాటగా చేసుకుంది. ఏటేటా అక్కడ జరిగే పందాలకి దేశం నలుమూలల నుంచీ కార్లు, మోటారు సైకిళ్ళు వచ్చేవి. చూడడానికి జనం తిరునాళ్ళకి వచ్చినట్టు వచ్చేవారు.

మా నాన్నగారు పెరంబూరు ఐ.సి.ఎఫ్.లో ఫిట్టరు. యంత్రం ఏదైనా సరే, దాని చప్పుడు విని జబ్బు చెప్పగల మనిషి. డెబ్బైల్లో ఒక ఆదివారం నన్ను అక్కడికి తీసుకెళ్ళారు. ఎండుగడ్డి మోపులు అడ్డం పేర్చి ఉంటే వాటి వెనక నిలబడి చూశాం. ఆ రోజుల్లో పందెపు మోటారు సైకిళ్ళలో ఆముదంతో చేసిన నూనె పోసేవారు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా ఇద్దరి బట్టలూ ఆముదం వాసన. "పందాలకి పోయినారా, పురిటింటికి పోయినారా?" అని మా అమ్మ నిలదీసింది. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుని నవ్వుకుంటాం.

షోలవరం రోజులు 1990తో ముగిశాయి. ఆ ఏడు బెంగుళూరు రోడ్డు మీద, శ్రీపెరుంబుదూరుకి ఇవతల, ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్బువారి సొంత బాట తయారైంది. చుట్టు పొడవు 3.717 కిలోమీటర్లు, మలుపులు 12. ఈమధ్య దానికి మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అని పేరు మార్చారు.

ఈ కథలో మనవారి పాలు కూడా ఉంది. కోయంబత్తూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో లక్ష్మీ మిల్సువారిది ఒకటి. ఆ ఇంటి బిడ్డ కరివర్ధన్ స్వయంగా పందెపు డ్రైవరు. పందెపు కారంటే విదేశాల నుంచి తెప్పించుకోవాలి, అది జమీందార్ల ఆట అన్న రోజుల్లో, ఆయన మన మారుతి 800 ఇంజను పెట్టి ఒంటి సీటు కారు తయారు చేశారు. దాని పేరు ఫార్ములా మారుతి. అందరూ ఒకే రకం కారులో పోటీపడాలి, ఖర్చు తక్కువ కావాలి, ఎవరి చెయ్యి గట్టిదో తేలాలి. ఇదీ ఆయన పట్టుదల. ఫార్ములా మారుతిలో మొదలుపెట్టిన కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్ 1996లో ఫార్ములా ఏషియా గెలిచి, 2005లో ఫార్ములా వన్ నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. ఆ రోజు చూడడానికి కరివర్ధన్ లేరు. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. కోయంబత్తూరు దగ్గర ఆయన పేరుతో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

గెలుపు లెక్క

నేను చెప్పబోయే పోటీ పేరు ఎం.ఆర్.ఎఫ్. ఛాలెంజ్. మన తిరువొత్తియూరులో 1946లో పిల్లలాడుకునే బుడగలు చేస్తూ మొదలైన కంపెనీయే ఈ ఎం.ఆర్.ఎఫ్. వాళ్ళ ఫార్ములా 2000 పోటీకి చట్రం ఇటలీలోని డల్లారావారిది, ఇంజను రెనోది, టైర్లు సరేసరి. ఏ దేశం నుంచి వచ్చినవాడైనా అదే కారు ఎక్కాలి. నా కారులో ఇంజను పెద్దది, నీ కారులో చిన్నది అన్న మాటకి చోటులేదు.

ఇలాంటి పోటీ ఒక్క రేసుతో తేలేది కాదు. శీతాకాలమంతా రెండు మూడు ఊళ్ళలో రేసులు జరుగుతాయి. ఒక్కో రేసులో మొదటివారికి 25 పాయింట్లు, రెండోవారికి 18, మూడోవారికి 15, తరువాత 12, 10, 8, 6, 4, 2, 1. అన్నీ కూడితే ఎవరికి ఎక్కువ వస్తే వారే ఛాంపియన్.

ఈ లెక్కలో ఒక చమత్కారం ఉంది. ఒకడు రెండు రేసులు గెలిచి మూడోదానిలో గోడకి గుద్దుకుంటే వాడికి దక్కేది 50. మూడింటిలోనూ రెండో స్థానంలో వచ్చినవాడికి 54. అంటే దూకుడు ఒక్కటే చాలదు. నెలనెలా చీటీ కట్టినట్టు ప్రతి రేసులోనూ ఎంతో కొంత జమ చేయాలి. ఏ మలుపులో తెగించాలో, ఏ మలుపులో ఓర్చుకోవాలో తెలిసినవాడిదే చివరి నవ్వు. మన ఇళ్ళలో ఇల్లాళ్ళు నడిపే సంసారానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

ఈ పోటీలో గెలిచినవారిని చూడండి. 2015-16లో ఫిట్టిపాల్డీ మనవడు పియెట్రో గెలిచాడు. 2016-17లో పేరుమోసిన కార్ల రూపశిల్పి ఆడ్రియన్ న్యూయీ కొడుకు హారిసన్ గెలిస్తే, మైఖేల్ షూమాకర్ కొడుకు మిక్ మూడో స్థానంలో నిలిచాడు. 2017-18లో బ్రెజిల్ కుర్రాడు ఫెలిపె డ్రుగోవిచ్ గెలిచాడు. గొప్పింటి పిల్లలందరూ మన పూందమల్లి మీదుగా వెళ్ళి మన ఎండలో చెమటోడ్చినవారే.

ఆ మూడు రోజులు

2018-19 పోటీ దుబాయిలో మొదలై, బహ్రెయిన్ మీదుగా చెన్నై చేరింది. 2019 ఫిబ్రవరి 8, 9, 10 తేదీలు. ఛాంపియన్ ఎవరో ఇక్కడ తేలాలి. బరిలో ముందున్నవారిలో ఒకరు బెల్జియం కుర్రాడు మాక్స్ డిఫోర్నీ. మరొకరు ఇంగ్లండు అమ్మాయి జేమీ చాడ్విక్.

చాడ్విక్‌కి అప్పుడు ఇరవై ఏళ్ళు. 2015లో బ్రిటిష్ జి.టి. పోటీల జి.టి.4 విభాగంలో జంట డ్రైవరుతో కలిసి టైటిల్ గెలిచింది. 2018 ఆగస్టులో బ్రిటిష్ ఫార్ములా 3లో ఒక రేసు గెలిచింది. ఆ పోటీలో అంతకుముందు ఏ ఆడపిల్లా రేసు గెలవలేదు.

మా చిన్నమ్మాయిదీ అదే ఈడు. అప్పుడు మెకానికల్ ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. పేపర్లో చదివి, "నాన్నా, ఆదివారం ఇరుంగాట్టుకోట్టై వెళ్తాను" అంది. ఒంటరిగా పంపడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. నేను తోడు వెళ్తానన్నాను. ఇది విన్న మా అమ్మ, "శ్రీపెరుంబుదూరు పక్కనేనా? అయితే రామానుజులవారిని సేవించుకుని పోదాం, నేనూ వస్తా" అంది. ఇంకేముంది, పులిహోర, పెరుగన్నం కట్టుకుని ఇంటిల్లిపాదీ బయలుదేరాం. పొద్దున్నే ఆదికేశవ పెరుమాళ్ళ దర్శనం, ఆ తరువాత కారు పందాలు!

మొదటిసారి చూసేవారికి చప్పుడు ఒక్కటే తెలుస్తుంది. మా అమ్మ చెవుల్లో దూది పెట్టుకుని, "ఏదే పాపా, ఆ పిల్ల కారు?" అని మనవరాలిని అడిగింది. "ఉండు అవ్వా, నంబరు చూసి చెప్పాల" అంది మా అమ్మాయి. అన్నీ ఒకే ఆకారం, ఒకే చప్పుడు. హెల్మెట్ పెట్టుకున్నాక ఎవరు ఆడో, ఎవరు మగో ఎలా తెలుస్తుంది? నంబరు చూసుకుని, పట్టీలో పేరు వెతుక్కోవాల్సిందే. "ఇదేంది, అన్నీ ఒక్కమాదిరే ఉండాయే!" అని మా అమ్మ ఆశ్చర్యపోయింది. నిజానికి ఆ పోటీ గొప్పతనమంతా ఆ మాటలోనే ఉంది.

కాసేపు ఓపికపడితే తేడాలు కనిపిస్తాయి. పందెపు టైరుకి గాళ్ళు ఉండవు, నున్నగా ఉంటుంది. వేడెక్కితేనే రోడ్డుని పట్టుకుంటుంది, మరీ వేడెక్కితే పట్టు వదిలేస్తుంది. అందుకని ఆరితేరిన డ్రైవరు ప్రతి చుట్టులోనూ అదే చోట బ్రేకు వేస్తాడు, అదే గీత మీద మలుపు తిరుగుతాడు. చుట్టు సుమారు నిమిషంన్నర. అందులో పావు సెకను మిగిల్చుకుంటే, పది చుట్లకి రెండున్నర సెకన్లు. రేసు గెలవడానికి అది చాలు. ఆత్రపడినవాడు ఒక మలుపులో సంపాదించింది పై మలుపులో పోగొట్టుకుంటాడు.

మలుపు మలుపుకీ జెండాలు పట్టుకుని మార్షల్స్ నిలబడ్డారు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, దాటి వెళ్ళకూడదు. ఎరుపు ఊపితే రేసు ఆపాలి. నీలం ఊపితే వెనక వేగంగా వచ్చేవాడున్నాడని హెచ్చరిక. అంబులెన్సు సిద్ధంగా ఉంది. డ్రైవరు నిప్పంటని దుస్తులు వేసుకుని, భుజాలకీ నడుముకీ తొడలకీ పట్టీలు బిగించుకుని కూర్చుంటాడు. ఇదంతా చూసి మా ఆవిడ అన్న మాట నాకు బాగా గుర్తుంది. "అందరూ ఒకే దిక్కుకి పోతున్నారు, ఎదురు వచ్చేవాడు లేడు, ఆపమంటే ఆపుతున్నారు. మన పూందమల్లి రోడ్డు మీద స్కూటరు నడపడం కంటే ఇదే నయమండీ!"

ఆ ఆదివారం, ఫిబ్రవరి 10న, జేమీ చాడ్విక్ ఛాంపియన్ అయింది. మొత్తం పదిహేను రేసుల్లో ఆరు గెలిచింది. డిఫోర్నీ రెండో స్థానంలో నిలిచాడు. ఎం.ఆర్.ఎఫ్. ఛాలెంజ్ ఛాంపియన్‌షిప్ ఒక ఆడపిల్ల గెలవడం అదే మొదలు. అది మన చెన్నైలో జరిగింది.

మా ఇంట్లో జరిగింది

తిరుగు దారిలో మా అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు. ఇల్లు చేరాక అసలు సంగతి బయటపెట్టింది.

వాళ్ళ కళాశాలలో పిల్లలే స్వయంగా చిన్న పందెపు కారు తయారుచేసి పోటీకి తీసుకెళ్ళే జట్టు ఒకటి ఉంది. అందులో ముగ్గురు ఆడపిల్లలు. ముగ్గురికీ ఖర్చుల లెక్కలు, నివేదికలు, విరాళాల ఉత్తరాలు అప్పగించారు. కారు నడిపేవారి పేర్లు ముందే రాసేసుకున్నారు. అన్నీ మగపిల్లల పేర్లే. చట్రానికి వెల్డింగు చేసేటప్పుడు రాత్రి పదింటిదాకా ఉండి పట్టుకున్నది మా అమ్మాయి. సీటులో కూర్చోవడానికి మాత్రం పనికిరాలేదు.

"నేను వాళ్ళకంటే బాగా నడుపుతానని చెప్పడంలేదు నాన్నా. నడిపి చూపించమని ఎవరూ అడగలేదు. అదీ నా బాధ" అంది.

వాళ్ళమ్మకి వేరే బాధ. "రేపు పెళ్ళి కావలసిన పిల్ల. చెయ్యో కాలో విరిగితే ఎవరిది పూచీ?" అంది. ఆ మాటని తోసిపుచ్చడానికి లేదు. కన్నతల్లి భయం అది. రెండు రోజులు ఇంట్లో ఎవరి మొహాలు వాళ్ళవి. మూడో రోజు మా అమ్మ కలగజేసుకుంది. "దాన్ని నడపనీమని చెప్పమంటం లేదు. పరీక్ష పెట్టమని అడగమంటండా. తప్పిందంటే అదే ఇంట్లో కూచుంటది. పరీక్ష లేకుండా తప్పిందనడం ఏం న్యాయం?" అంది. మా ఆవిడ చాలాసేపు ఆలోచించి, "ఆ పట్టీలూ ఆ బట్టలూ అన్నీ ఉంటేనే" అని షరతు పెట్టి సరేనంది.

మా అమ్మాయి జట్టుని చూసే మేష్టారికి ఉత్తరం రాసింది. ఫిర్యాదు చేయలేదు. ఒకే ఒక్క కోరిక కోరింది. నడపాలనుకున్నవాళ్ళందరికీ ఒకే కారు ఇవ్వండి, ఒకే దారి గీయండి, ఐదేసి చుట్లు తిప్పించండి, గడియారం చూసేవారికి హెల్మెట్ లోపల ఎవరున్నారో చెప్పకండి. ఆ మేష్టారు న్యాయంగల మనిషి. ఒప్పుకున్నారు.

ఏడుగురు నడిపారు. మా అమ్మాయి రెండోది. మొదట వచ్చిన కుర్రాడికీ దానికీ అర సెకను తేడా. దూరపు పరుగుకి ఇద్దరు డ్రైవర్లు కావాలి కాబట్టి దానికి సీటు దొరికింది.

2020 జనవరిలో కోయంబత్తూరు దగ్గర కళాశాల పిల్లల పోటీ. ఎక్కడనుకున్నారు? కరి మోటార్ స్పీడ్‌వేలో! అందరికీ ఒకే కారు కావాలని కలగన్న మనిషి పేరున్న చోట మా అమ్మాయి తన వంతు చుట్లు పూర్తిచేసి, కారు దిగి, రెండో డ్రైవరుకి అప్పగించింది. ఆ తరువాత మూడు చుట్లకే చైను తెగి కారు ఆగిపోయింది. కప్పు రాలేదు, చప్పట్లు రాలేదు. పిల్లలందరూ కలిసి కారుని తోసుకుంటూ వచ్చారు. ఆ తోసేవాళ్ళలో ఎవరు ఆడో, ఎవరు మగో దూరానికి తెలియలేదు. అందరి మొహాలకీ ఒకే మసి.

ఇప్పుడు మా అమ్మాయి ఒక వాహనాల కంపెనీలో పరీక్షల విభాగంలో ఇంజనీరు. కొత్త బండ్లని నడిపి బ్రేకులు, టైర్లు ఎలా ఉన్నాయో రాసివ్వడం ఉద్యోగం. పెళ్ళికూడా అయింది. చెయ్యీ కాలూ క్షేమం.

కారు ఇచ్చేదెవరు?

కథ ఇక్కడితో ఆపితే తీపిగా ఉంటుంది కానీ పూర్తి కాదు. చాడ్విక్ సంగతి కూడా చెప్పాలి కదా.

చెన్నైలో గెలిచిన ఆరు నెలలకే ఆమె ఆడవారికోసం కొత్తగా పెట్టిన డబ్ల్యూ సిరీస్ గెలిచింది. 2021లోనూ, 2022లోనూ మళ్ళీ తనే గెలిచింది. విలియమ్స్ జట్టు ఆమెని తమ శిక్షణ బృందంలో చేర్చుకుంది. తరువాత అమెరికా వెళ్ళి 2024 జూన్‌లో ఇండీ ఎన్.ఎక్స్.టి. పోటీలో రోడ్ అమెరికా రేసు గెలిచింది. ఇన్ని చేసినా ఫార్ములా వన్ రేసు మాత్రం అందలేదు. ఆమెకే కాదు, ఇటలీ మహిళ లెల్లా లొంబార్డీ 1976లో చివరిసారి నడిపిన తరువాత ఏ ఆడదీ ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసులో బయలుదేరలేదు.

కారణం ఒక్కటే అనలేం. అయితే పైమెట్టు ఎక్కేకొద్దీ ఖర్చు కోట్లకి చేరుతుంది. కారు ఎవరికివ్వాలో జట్లు, డబ్బుపెట్టే కంపెనీలు నిర్ణయిస్తాయి. ఆడపిల్ల మీద అంత డబ్బు పెట్టడానికి ముందుకొచ్చేవారు తక్కువ. అందరికీ ఒకే కారు ఇచ్చినచోట చాడ్విక్ గెలిచింది. కారు సంపాదించుకోవలసిన చోట దారి ఇరుకైంది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

మన ఊరి సంగతీ చెప్పుకోవాలి. చెన్నై అమ్మాయి అలీషా అబ్దుల్లా మోటారు సైకిలు పందాలలో మగవారితో సమానంగా పోటీపడి జాతీయ స్థాయిలో పేరు తెచ్చుకుంది. తండ్రి అబ్దుల్లాగారు కూడా పందెగాడే. ఇంట్లోనే బండి దొరికింది, నేర్పేవారు దొరికారు. అలా దొరకని పిల్లలు ఎందరో!

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో చెన్నై నడిబొడ్డున, ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ, రాత్రిపూట దీపాల వెలుగులో కారు పందాలు జరిగాయి. మా అమ్మ ఆ సంగతి టీవీలో చూసి, "మనం పోయినప్పుడు పగలు జరిగె, ఇప్పుడు రేయిపూట కూడానా!" అంది. ఎనభై దాటిన ఆవిడకి ఇప్పుడు పసుపు జెండాకీ నీలం జెండాకీ తేడా తెలుసు.

పిల్లలందరూ కారు పందాలకి వెళ్ళాలని నేను చెప్పను. అది ఖర్చుతో కూడిన పని, ప్రమాదం లేదనీ అనను. కానీ సంగీతమైనా, చదరంగమైనా, యంత్రాలైనా, మన పిల్ల ఏదో ఒకటి చేసి చూపిస్తానన్నప్పుడు పెద్దలుగా మనం చేయగలిగినది ఒకటుంది. గెలిపించనక్కరలేదు, పొగడనక్కరలేదు. పక్కవాడికి ఇచ్చిన కారే తనకీ ఇప్పించాలి. ఆ తరువాత గడియారం చెబుతుంది.

షోలవరం పందాలు చూసిన పెద్దలు మన సంఘంలో ఇంకా ఉన్నారని నాకు తెలుసు. పెరంబూరు, వ్యాసర్‌పాడి, రెడ్‌హిల్స్ వైపు ఉన్నవారికి ఎన్నో జ్ఞాపకాలు ఉండాలి. దయచేసి మన పత్రికకి రాయండి. ఆముదం వాసన సంగతి కూడా మరచిపోకుండా రాయండి. మా ఇంట్లో నవ్వుకోవడానికి తోడు దొరుకుతుంది.